నీళ్లు మల్లొచ్చినయ్, ఈతే రాలె

మా ఊర్ల ఒకప్పుడు ఇరవై దాంక మోట బాయిలుండేవి. ఇయ్యాల లెక్కబెడితే మూడు మిగిలినయ్. ఒకదాన్ల చెత్త, ఒకదాన్ల నాచు, మూడోదాని మీద జాలి కప్పిన్రు. బోర్లు పడ్డంక ఊటలు అడుగుకు పోయినయ్, బాయిలు ఎండినయ్. ఎండిన బాయితోని ఏం పని అని పూడ్చి, చదును చేసి, పత్తి పెట్టిన్రు. మా దిక్కు ఏ ఊరికి పోయినా ఇదే కథ. అయితే బాయితోని పాటు ఇంకొకటి పోయింది, దాన్ని ఎవలూ లెక్క రాయలె. ఊరి పోరగాండ్లకు ఈత నేర్పిన జాగ అదే. బోర్డు లేదు, ఫీజు లేదు, సారు లేడు. ఎండకాలం సెలవులు అయిపోయేటాళ్లకు పది మందికి ఈతొచ్చేది.

ఆ తర్వాత ఇరవై ముప్పై ఏండ్లు ఊర్ల నీళ్లే లేవు, ఈత అవసరమే పడలె. ఆ కాలంల పుట్టినోళ్లు నిండు చెరువు చూడకుంటనే పెద్దగయిన్రు. వాళ్లే ఇప్పుడు తల్లిదండ్రులు. ఇంతల నీళ్లు మల్లొచ్చినయ్. 2015ల మిషన్ కాకతీయ మొదలువెట్టి 46 వేలకు పైన చెరువులు, కుంటలు బాగుచేస్తమన్నరు. పూడిక తీసిన చెరువులు నిండినయ్. రిజర్వాయర్లు కట్టిన్రు, కాల్వలు తవ్విన్రు. ఎవలు కట్టిన్రు, ఎంత ఖర్చయింది, ఏది కుంగింది అనే లొల్లి వేరే ఉన్నది, దాని జోలికి నేను పోత లేను. నా ముచ్చట ఒకటే. నీళ్లు ఊరి అంచుకొచ్చినయ్, ఆ నీళ్లల్ల బతికే ఇద్దె మాత్రం నడుమల తెగిపోయింది. తండ్రికే రాకపాయె, కొడుకుకు ఎవలు నేర్పాలె?

దాని ఫలితం పేపర్ల చూస్తనే ఉన్నం. ఎండకాలం సెలవులు, హోలి, బతుకమ్మ, నిమజ్జనం, ఏ పండుగొచ్చినా ఏదో ఒక జిల్లాల నీళ్లల్ల పడి పిల్లలు పోయిన వార్త ఉంటది. 2025 జనవరిల సిద్దిపేట జిల్లా కొండపోచమ్మ సాగర్‌ల హైదరాబాద్ నుంచొచ్చిన అయిదుగురు యువకులు ఒక్కపారే పోయిన్రు. దేశం మొత్తం లెక్క తీస్తే 2022 ఒక్క ఏడుల 38 వేల మందికి పైన నీళ్లల్ల మునిగి చచ్చిపోయిన్రని నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో రాసింది. రోజుకు వంద మంది పైమాటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల 2021ల లోకమంత కలిపి 3 లక్షల మంది. అందుల సగానికి దగ్గర 29 ఏండ్లలోపోళ్లు. అంటే ఇది చదువుతున్న మీ ఈడోళ్లు.

ప్రతి వార్తల ఆఖరికి ఒక మాట ఉంటది చూడుండ్రి: "గజ ఈతగాళ్లను పిలిపించి గాలింపు చేపట్టారు." ఆ గజ ఈతగాళ్లు ఎక్కడోళ్లో కాదు. మన ఊరి బెస్తోళ్లు, గంగపుత్రులు, ముదిరాజులు. వలతోని, తెప్పతోని బతుకు గడిపేటోళ్లు. పానం పోయినంక శవం తీయనీకి వాళ్లను అర్ధరాత్రి లేపి తోల్కపోతరు. పానం ఉన్నప్పుడు పోరగాండ్లకు నెల రోజులు ఈత నేర్పుమని ఎవలన్న పిలిచిన్రా? నేను ఇది రాసేదే ఈ ఒక్క ప్రశ్న కోసం. మిగిలిందంత ఎట్ల నేర్పాలె, ఎవలు నేర్చుకోవచ్చు, ఈతొచ్చినా యాడ దిగొద్దు అనే వివరం.

బాయిల ఎట్ల నేర్పేటోళ్లు?

మా అన్నలు నేర్చుకున్నది నేను ఒడ్డు మీద కూసొని చూసిన. ఎండిన సొరకాయ బుర్రలు రెండు తాడుతోని నడుముకు కట్టేటోళ్లు. బుర్ర లేనోళ్లు బెండు కట్టె ముక్కలు కట్టుకునేటోళ్లు. తర్వాత నూనె డబ్బాలు, ట్యూబులొచ్చినయ్. పెద్దోడొకడు మెట్ల మీద నిలవడి తాడు కొస పట్టుకునేటోడు. పోరడు నీళ్లల్ల చేతులు కాళ్లు ఆడిస్తుంటే తాడు జరంత జరంత వదిలేటోడు. వారం అయినంక రెండు బుర్రల్ల ఒకటి తీసేటోళ్లు. ఇంకో వారానికి రెండోది. ఒకనికి ఒకడు కావలి. మా కాకలల్ల ఒకాయన ఉండె, ఆయన గట్టు మీద ఉంటేనే ఎవలైనా బాయిల దిగాలె, లేకుంటే వీపు పగిలేది.

ఇందుల మస్తు తెలివి ఉన్నది. ఆసరాను మెల్లమెల్లగ తీసుడు, కండ్ల ముంగట పెద్దమనిషి ఉండుడు, లోతు తెలిసిన జాగలనే దిగుడు. ఇయ్యాల స్విమ్మింగ్ పూల్‌ల కోచ్‌లు చేసేది సుత ఇదే, బుర్ర జాగల రబ్బరు పలక వచ్చింది, అంతే.

కానీ పాత పద్ధతిల రెండు తప్పులున్నయ్. ఒకటి, భయం పోతదని పిల్లగాన్ని ఎత్తి బాయిల పడేసుడు. అట్ల పడేస్తే ఏమైతది? ఎవలైనా దిడీల్న సల్ల నీళ్లల్ల పడ్డప్పుడు ఒళ్లు ఝల్లుమని, తెలవకుంటనే నోరు తెరిచి గట్టిగ ఊపిరి గుంజుకుంటరు. ఆ గుంజుడుకు నీళ్లు లోపలికి పోతయ్. ఒకరిద్దరు కొట్టుకొని కొట్టుకొని తేలుతరు, వాళ్ల కథే ఊర్ల చెప్పుకుంటరు. మిగిలినోళ్లు జిందగీల మల్ల నీళ్ల దిక్కు పోరు. వాళ్ల కథ ఎవలు చెప్పాలె?

రెండో తప్పు, ఆ బడిల ఆడపిల్లలకు సీటు లేకుండె. మేము గట్టు మీద కూసొని అన్నల అంగీలు కావలి కాసేది. నాట్లకు పోయేది మేమే, చెరువు కాడికి బట్టల మూట పట్టుకపోయేది మేమే, బతుకమ్మ ఎత్తుకొని నీళ్లల్లకు దిగేది మేమే. ఈత మాత్రం మొగోళ్ల ఆట అన్నరు. నేను నేర్చుకున్నది 33 ఏండ్లకు, కరీంనగర్ల ఒక స్విమ్మింగ్ పూల్‌ల, పొద్దుగాల ఆడోళ్ల బ్యాచ్‌ల. అప్పటి సంది ఎండకాలం ఊరికి పోయినప్పుడల్లా పిల్లలతోని నీళ్లల్ల దిగుతున్న. ఇగ చెప్పేదంత అక్కడ నేర్చుకున్నది, ఇక్కడ చూసింది.

ఈతొచ్చుడు అంటే ఏంది?

"నాకు ఈతొచ్చు" అనే పోరగాన్ని అడగుండ్రి, ఏం వస్తదిరా అని. బాయిల దూకి ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పోత అంటడు. అది పది పదిహేను గజాలు. ఊపిరి బిగవట్టి, తలకాయ పైకి లేపి, చేతులు టపటప కొట్టి పోతడు. చేయికి గట్టు దొరికేదాంక బతుకుతడు. గట్టు దొరకని రిజర్వాయర్ల ఆ ఈత పని చెయ్యది.

నా లెక్కల ఈతంటే మూడు పనులు. చేతులు కాళ్లు పెద్దగ ఆడియ్యకుంట నీళ్ల మీద తేలి ఉండుడు. నీళ్లల్ల ఉండంగ ఊపిరి ఆడించుకునుడు. ఆగకుంట కొంత దూరం పోవుడు. బంగ్లాదేశ్‌ల ఊరి పిల్లలకు నేర్పే 'స్విమ్‌సేఫ్' అనే కార్యక్రమంల ఒక కొలత పెట్టుకున్నరు: 25 మీటర్లు ఈదాలె, 30 సెకండ్లు ఒక్క దగ్గర తేలి ఉండాలె. అది దాటితేనే పాసైనట్టు. మన దగ్గర సుత అటువంటి కొలత ఒకటి ఉంటే, ఉత్తగ "వచ్చు" అనే మాటకు ఒక అర్థం ఉంటది.

ముందుగాల తేలుడు ముచ్చట. మనిషి ఒళ్లు ఇంచుమించు నీళ్లంత బరువే ఉంటది. రొమ్ము నిండ ఊపిరి తీసుకుంటే నీళ్లకన్న జరంత తేలిక, ఊపిరంత వదిలేస్తే జరంత బరువు. తేలుడుకు, మునుగుడుకు నడుమ తేడా గంతే, రెండు ఊపిరితిత్తుల గాలి. సొరకాయ బుర్ర చేసే పనే రొమ్ముల గాలి చేస్తది. అందుకే మునుగుతున్నోడు అరిచి ఊపిరంత పోగొట్టుకుంటే ఇంకింత కిందికి పోతడు. చేతులు పైకి లేపితే ఇంకింత. నీళ్ల బయటికొచ్చిన చేతి బరువును మోసేది నీళ్లు కాదు, మన ఒళ్లే.

తలకాయ సుత అంతే. మనిషి తలకాయ 5 కిలోల దాంక ఉంటది. దాన్ని నీళ్ల మీదికి ఎత్తి పెడితే కాళ్లు కిందికి దిగుతయ్. ఎడ్లబండి కాడి లేపితే ఎనుక భాగం నేలకు ఆనినట్టు. మెడ సడలించి, చెవులు నీళ్లల్ల మునిగేటట్టు ఎల్లెలుకల పండుకుంటే కాళ్లు వాటంతట అవే పైకొస్తయ్, ముక్కు నోరు బయట ఉంటయ్. మా కోచ్ సార్ మొదటి వారమంత ఇదే చేయించిండు. "అమ్మా, నీళ్లను కొట్టకు, నీళ్ల మీద పండుకో" అని. ఏందీ పండుకునుడు, ఈత నేర్పడా అని నాకు కోపమొచ్చేది. తొమ్మిదో రోజు సార్ చేయి తీసిండు. నేను అట్లనే ఉన్న. చెవులల్ల నీళ్ల సప్పుడు, పైన రేకుల కప్పు. అలిసిపోతే ఇట్ల పండుకొని దమ్ము తీసుకోవచ్చని ఒళ్లుకు తెలిసినంకనే ఈత నేర్చుకునుడు మొదలయితది. అప్పటిదాంక చేసేదంత కొట్టుకునుడే.

రెండోది ఊపిరి. బయట మనం ముక్కుతోని తీసుకుంటం, ముక్కుతోనే వదుల్తం. నీళ్లల్ల నోటితోని బయట తీసుకోవాలె, మొకం నీళ్లల్ల పెట్టినంక ముక్కుతోని నోటితోని బుడగలు బుడగలుగ వదలాలె. కొత్తగ నేర్చుకునేటోళ్లు అందరు ఊపిరి బిగవట్టుకుంటరు. బిగవట్టిన ఊపిరితోని నాలుగు బారలు పోతరు. తలకాయ ఎత్తినప్పుడు ముందుగాల పాత గాలి వదలాలె, తర్వాత కొత్త గాలి తీయాలె, ఈ రెండింటికి టైం సరిపోదు, సగం ఊపిరి, సగం నీళ్లు. అందుకే వదిలేదంత నీళ్లల్లనే వదలాలె. దీన్ని ఇంటికాడ బకెట్‌ల మొకం పెట్టి సుత నేర్చుకోవచ్చు. నిలబడి, పక్కన ఒకలను పెట్టుకొని, పది బుడగలు, ఒక ఊపిరి. నవ్వుతరు చూసేటోళ్లు, నవ్వనియ్యుండ్రి.

ఈ రెండు వచ్చినంక మిగిలింది అలకగ వస్తది. గట్టును కాళ్లతోని తన్ని, చేతులు ముంగటికి చాపి బాణం లెక్క జారుడు. తొడల నుంచి కాలు ఆడించుడు, మోకాలు నుంచి కాదు. సైకిల్ తొక్కినట్టు మోకాలు మడిచి తొక్కితే ఉన్న కాడనే ఉంటం. తర్వాత చేతులు. ఆఖరికి, గట్టు పట్టుకోకుంట నిలువుగ ఉండి కాళ్లు తొక్కుతూ తేలుడు. ఇది చానమంది వదిలేస్తరు. కాలు జారి లోతుల పడ్డోనికి ముందుగాల అక్కెరొచ్చేది ఇదే.

పిల్లలకు ఒక తీరు, పెద్దోళ్లకు ఒక తీరు

ఆరేండ్లు దాటిన బడి పిల్లలకు ఈత, నీళ్ల జాగ్రత్తలు నేర్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది. బంగ్లాదేశ్‌ల నాలుగేండ్ల పిల్లల సంది నేర్పుతున్నరు. అంతకంటె చిన్నోళ్లకు ఈత నేర్పినమని ధీమాగ ఉండొద్దు. వాళ్లకు కావాలంటే కంచె, మూత, ఒక మనిషి కన్ను. ఇంటి ముంగటి సంపు మీద మూత లేకుంటే, గోలెం నిండ నీళ్లుంటే పాకే పిల్లలకు అదే చెరువు.

పిల్లలకు చెప్తే అర్థం కాదు, ఆడితే వస్తది. నీళ్ల అడుగున రాయి వేసి తియ్యమంటే ఊపిరి, కండ్లు తెరుసుడు రెండూ వస్తయ్. మొసలి నడక ఆడుమంటే చేతుల మీద ఒళ్లు తేలుడు వస్తది. వారం పది రోజులల్ల నీళ్లతోని దోస్తానా అయితది. అసలు ప్రమాదం అప్పుడే మొదలు. భయం పోయింది, ఈత ఇంకా రాలె. ఆ నడుమ రోజులల్ల సారు లేకుంట దోస్తులతోని చెరువుకు పోతే మీదికొస్తది. నేర్పేటోళ్లు మొదటి రోజే తల్లిదండ్రులకు ఈ ముచ్చట చెప్పాలె.

ట్యూబులు, డబ్బాల గురించి సుత ఒక మాట. నేర్చుకునే తాన అవి పనికొస్తయ్, కాపాడే తాన కాదు. నడుముకు ట్యూబ్ వేసుకున్న పిల్లగాడు ముంగటికి వంగితే ట్యూబ్ పైకి, తలకాయ కిందికి అయితయ్. కట్టిన డబ్బా తాడు జారితే అంతే. అవి ఉన్నయని లోతుకు పోనియ్యొద్దు. ఏవున్నా పెద్దోళ్ల చేతికి అందేంత దూరంలనే.

పెద్దోళ్ల కథ వేరే. పిల్లగాడు నీళ్లు మింగితే దగ్గి నవ్వుతడు, మనం మింగితే ఇంటి లోన్, పిల్లల పెండ్లి అన్ని యాదికొస్తయ్. ఒళ్లు కట్టె లెక్క బిగుసుకుంటది, బిగుసుకున్న ఒళ్లు తేలది. ఇది పిరికితనం కాదు. ముప్పై నలభై ఏండ్లు నేల మీద నిలబడ్డ ఒళ్లు కాళ్ల కింద నేల లేకపోతే ఒప్పుకోదు. దానికి టైం ఇయ్యాలె. రొమ్ము లోతు నీళ్లు, కాళ్లు ఆనే జాగ, రోజుకు ముప్పావు గంట, మధ్యల మానకుంట. పెద్దోళ్లు ఎందుకు, ఎట్ల అని అడుగుతరు, చెప్పేటోడు ఓపికగ చెప్తే పిల్లలకంటె పద్ధతిగ నేర్చుకుంటరు. నాకు పూల్‌ల ఆ గట్టు నుంచి ఈ గట్టుకు రానీకి నెల పట్టింది. నాతోని చేరిన ఒక అక్కకు యాభై ఏండ్లు, ఆమెకు ఇరవై రోజులల్లనే వచ్చింది. ఫిట్స్, గుండె బాధలు ఉన్నోళ్లు మాత్రం డాక్టర్‌ను అడిగే దిగాలె.

ఆడోళ్లకు ఒక లాభం ఉన్నది, ఎవలూ చెప్పరు. ఒంట్లె కొవ్వు నీళ్ల మీద తేలుతది, ఆడోళ్ల ఒంట్లె అది జర ఎక్కువ, కాబట్టి మామూలుగ మొగోళ్లకంటె ఆడోళ్లు అలకగ తేలుతరు. కండలు తిరిగిన సన్న పిల్లగాడు కాళ్లు మునిగి అవస్థ పడుతుంటే పక్కన మా అక్క పీట మీద కూసున్నట్టు తేలేది. గోలి శ్యామల గురించి వినే ఉంటరు. అప్పటి తూర్పు గోదావరి జిల్లా సామర్లకోట బిడ్డ, హైదరాబాద్‌ల ఉంటది. నలభై దాటినంక ఈత నేర్చుకొని, 2021 మార్చిల శ్రీలంక నుంచి ధనుష్కోడి దాంక పాక్ జలసంధి ఈదింది, 30 కిలోమీటర్ల దాంక. అంత దూరం మనకు అక్కెరలేదు. చెరువు ఒడ్డున కాలు జారితే మల్ల ఒడ్డుకు వచ్చేంత చాలు.

బట్టలేంది, ఎవలన్న చూస్తే ఏంది అని ప్రతి ఊర్ల అడుగుతరు. చీరె, పంజాబి డ్రెస్ చున్నీ నీళ్లల్ల కాళ్లకు చుట్టుకుంటయ్. ఒంటికి పట్టుండే లెగ్గిన్, నిండు చేతుల టీ షర్టు, జుట్టుకు గట్టి ముడి, ఇంతే. టైం వేరే పెట్టాలె, నేర్పేతందుకు ఆడమనిషి ఉండాలె. ఆడమనిషి లేదని ఆడపిల్లలకు నేర్పకుంట వదిలేస్తే ఇంకో ఇరవై ఏండ్లకు సుత ఆడమనిషి దొరకది. మొదటి బ్యాచ్‌ను ఎవలో ఒకలు నేర్పాలె.

పూల్ లేదు కదా, ఏం చెయ్యాలె?

నూటికి తొంభై ఊర్లు స్విమ్మింగ్ పూల్ మొకం చూడవు, చూడాలని కూసుంటే పిల్లలు పెద్దగయితరు. బంగ్లాదేశ్‌ల పూల్ కట్టలె. ఊరి చెరువులనే వెదురు బొంగులు పాతిన్రు, వెదురు తడకతోని నీళ్లల్ల ఒక అడుగు కట్టిన్రు, పిల్లల రొమ్ము లోతుకు వచ్చేటట్టు. చుట్టూ కంచె. చెరువు ఎంత లోతున్నా పిల్లగాని కాలు ఆ తడకను దాటి పోదు. ఆ ఊరోళ్లకే ట్రైనింగ్ ఇచ్చి టీచర్లను చేసిన్రు. కేరళల ఆలువ దగ్గర ఫర్నిచర్ వ్యాపారం చేసే ఒకాయన ఏండ్ల సంది పెరియార్ నదిల పైస తీసుకోకుంట వేల మందికి నేర్పిండు. పిల్లలు, ముసలోళ్లు, వికలాంగులు అందరు వస్తరు.

మన దగ్గర వెదురు ఉన్నది, చెరువు ఉన్నది, నీళ్లు తెలిసిన బెస్త కాకలు ఉన్నరు. లేనిది వాళ్లకు కూలి. మత్స్య సహకార సంఘం ఊరూరా ఉన్నది. గ్రామ పంచాయతి ఏప్రిల్, మే రెండు నెలలు ఇద్దరు మనుషులకు కూలి కట్టిస్తే, రోజుకు రెండు బ్యాచ్‌లు నడుస్తయ్. ఇది దానం కాదు, పని. నేర్పేటోనికి ఈతొస్తే సరిపోదు, చెప్పుడు రావాలె, అరవొద్దు, మందు తాగి నీళ్ల కాడికి రావొద్దు. ఒక్కొక్కనికి అయిదారుగురు పిల్లలకంటె ఎక్కువ ఇయ్యొద్దు. ఎంతమంది దిగిన్రు, ఎంతమంది ఎక్కిన్రు అని లెక్కబెట్టేతందుకు ఇంకో మనిషి గట్టు మీద ఉండాలె, చేతుల ఫోన్ లేకుంట. తాడు, పొడుగు గడ, మూత బిగించిన ఖాళీ డబ్బా పక్కన ఉండాలె. యూత్ సంఘాలు గణేష్ మండపానికి చందా ఎట్ల జమచేస్తరో నాకు తెలుసు. అందుల పదో వంతు దీనికి సరిపోతది.

ఈతొచ్చినా దిగొద్దన్న కాడ దిగొద్దు

చెరువంటే తాంబాళం లెక్క మెల్లగ లోతయితదని మన పెద్దోళ్ల లెక్క. ఇప్పుడు అట్ల లేదు. మొరం కోసం, మట్టి కోసం జేసీబీలతోని తోడిన గుంతలున్నయ్. మోకాలు లోతుల నడుస్తుంటనే తర్వాతి అడుగు రెండు నిలువుల లోతుల పడుతది. ఎండకాలం చెరువు ఎండినప్పుడు చూసి పెట్టుకున్నోనికే గుంత యాడున్నదో తెలుస్తది.

పెద్ద కాల్వ ఇంకా మోసం. పక్కలు సిమెంట్‌తోని ఏటవాలుగ ఉంటయ్, పాకర పట్టి ఉంటది. పడ్డోనికి ఎంత ఈతొచ్చినా పట్టుకోనీకి ఏం దొరకది, నీళ్లు గుంజుకపోతయ్. ఎదురు ఈదితే అలిసిపోతరు. ఎల్లెలుకల తేలుకుంట, కాళ్లు ముంగటికి పెట్టి, వారగ ఒడ్డు దిక్కు జరుగుతూ మెట్లో తాడో దొరికేదాంక పోవాలె. డ్యాం కింద అయితే ఈత ముచ్చటే లేదు. 2014 జూన్‌ల హిమాచల్‌ల బియాస్ నదిల హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకపోయిన్రు. పైనున్న డ్యాం నుంచి నీళ్లు వదిలిన్రు, రాళ్ల మీద నిలబడి ఫొటోలు దిగుతున్నోళ్లకు తప్పుకునే టైం లేకపాయె.

ఇంకో ముచ్చట. ఒక్కడు మునుగుతుంటే కాపాడనీకి ఇంకొకడు, వాని కోసం మరొకడు, ఇట్ల ఒకే ఇంట్ల ముగ్గురు నలుగురు పోతున్నరు. మునిగేటోడు సిన్మాలల్ల లెక్క "కాపాడుండ్రి" అని అరవడు. నోరు నీళ్లకు సమానంగ ఉంటది, ఊపిరికే దిక్కు లేదు, అరుపు యాడికెల్లి వస్తది? చేతులు నీళ్లను కిందికి ఒత్తుతుంటయ్. సప్పుడు లేకుంట, ఒక్క నిమిషం కాకముందే అయిపోతది. అటువంటోని దగ్గరికి పోతే, వాడు దోస్తు కాదు, చుట్టం కాదు, నిన్ను మెట్టు లెక్క తొక్కి పైకి రాజూస్తడు. అందుకే దూకొద్దు. గడ అందియ్యాలె, తాడు విసరాలె, డబ్బా విసరాలె. ఏం లేకుంటే ఒంటి మీది బట్ట. 2020 ఆగస్టుల తమిళనాడు పెరంబలూరు జిల్లా కొట్టరై దగ్గర ముగ్గురు ఆడోళ్లు కట్టుకున్న చీరెలు విప్పి నీళ్లల్లకు విసిరిన్రు. మునుగుతున్న నలుగురిల ఇద్దరు వాటిని పట్టుకొని బయటపడ్డరు.

బయటకు తీసినంక తలకిందులు చేసుడు, తలకాయ మీద పెట్టుకొని గిర్రగిర్ర తిప్పుడు, కడుపు ఒత్తుడు బంద్ చెయ్యాలె. ఉప్పుల పూడ్చి పెడితే లేస్తడని వాట్సాప్‌ల తిరిగేది ఒట్టి అబద్ధం, దాంతోని ఉన్న టైం సుత పోతది. ఒకలు 108కు ఫోన్ కొట్టాలె. ఊపిరి లేకుంటే ఎల్లెలుకల పండవెట్టి, గదుమ పైకి లేపి, ముక్కు మూసి, నోట్లె నోరు పెట్టి ముందుగాల గాలి ఊదాలె. తర్వాత రొమ్ము నడుమ 30 సార్లు గట్టిగ ఒత్తుడు, 2 సార్లు ఊదుడు, ఆపకుంట. నీళ్లల్ల మునిగినోనికి కరువైంది గాలి, అందుకే ఊదుడు ముందు. దీన్ని ఒకసారి చూసి నేర్చుకోవాలె, మీ మండలం ఫైర్ స్టేషన్ల, పీహెచ్‌సీల అడిగి ఊర్ల ఒక పూట చూపియ్యమనుండ్రి.

మా ఊర్ల పోయిన ఎండకాలం పదకొండు మంది పిల్లలు దిగిన్రు, అందుల నలుగురు ఆడపిల్లలు. బెస్త కాక వెదురు గడకు పసుపు రంగుతోని గీతలు గీసి, చెరువుల మత్తడి దిక్కు ఒక జాగ అంత కొలిచిండు. మోకాలు, నడుము, రొమ్ము, ఆ పైన ఎర్ర గీత. ఎర్ర గీత కాడ నాలుగు బొంగులు పాతి నైలాన్ తాడు కట్టినం. ఈసారి తడక అల్లాలని చూస్తున్నం. గడలకు, తాడుకు, కాక రెండు నెలల కూలికి పంచాయతిల అర్జీ పెట్టినం. ఇంకా జవాబు రాలె. ఏప్రిల్ వచ్చెటాళ్లకు నీళ్లు ఎర్ర గీత కిందికి దిగుతయ్, అప్పుడు మొదలువెడ్తం.